ఏడో ప్రశ్నకు ఏకగ్రీవ సమాధానం

మనిషి నీళ్ళలో మునిగిపోవడానికి కారణం నీళ్ళు కాదనీ, ఈత నేర్పేటప్పుడు అతన్ని కేంద్రంగా పెట్టుకోకపోవడమేననీ శిక్షణా సంస్కరణల సంఘం మూడు సమావేశాలు జరిపి, నాలుగు రకాల బిస్కెట్ల సాక్షిగా తేల్చింది. ఇంత పెద్ద సత్యం ఇన్నాళ్ళూ బయటపడకపోవడానికి కారణం, మునిగినవాళ్ళెవరూ అభిప్రాయ పత్రం నింపి ఇవ్వకపోవడమే. (సంఘం ఈ విషయంలో వాళ్ళను తప్పు పట్టలేదు. ఆ సమయానికి పెన్ను దొరికి ఉండకపోవచ్చునని ఉదారంగా నమోదు చేసింది.)

కాబట్టి ఇకమీదట వడ్రంగమైనా, కుట్టుపనైనా, ఈతైనా, ఏది నేర్పినా నేర్చుకునేవారే కేంద్రమని సర్క్యులర్ వచ్చింది. అది అన్ని ఆఫీసులూ తిరిగి, చివరికి పట్టణ స్విమ్మింగ్ పూల్ గోడ మీద, "తువ్వాలు లేనివారికి ప్రవేశం లేదు" అనే పాత బోర్డు పక్కన, నాలుగు మూలలా టేపు వేయించుకుని స్థిరపడింది.

ఆ పూల్‌లో ఈత మాస్టారు ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నారు. ఆయనది పద్ధతి అని చెప్పుకోదగ్గ పద్ధతి కూడా కాదు. వచ్చినవాళ్ళని నీళ్ళలో బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద అరచెయ్యి పెట్టి, "నేనున్నాను, కాళ్ళు కొట్టండి" అనేవారు. వాళ్ళు కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి కాళ్ళు కొట్టేవాళ్ళు. ఏదో ఒక రోజున ఆ పొట్ట తన చేతి మీద బరువు వెయ్యడం మానేసిందని ఆయన అరచేతికి తెలిసేది. అప్పుడు చడీచప్పుడు లేకుండా చెయ్యి తీసేసేవారు. వాళ్ళు అవతలి గట్టు ముట్టుకుని, రొప్పుతూ వెనక్కి తిరిగి చూశాక, "చెయ్యి ఎప్పుడో తీసేశాను" అని చెప్పేవారు. ఇలా నాలుగు వేల మంది ఆ అరచేతి మీదుగా గట్టెక్కారు.

ఆ నాలుగు వేలలో ఆయన సొంత అక్క లేదు.

అక్క నది దాటించే లాంచీలో టిక్కెట్లు కొడుతుంది. రోజుకి పద్దెనిమిది సార్లు నది దాటుతుంది కానీ, మోకాలు దాటి నీళ్ళలో దిగిన పాపాన పోలేదు. "మా ఇంట్లో ఈత వాటా అంతా వాడే కొట్టేశాడు" అని ప్రయాణికులకి చెప్పి నవ్వించేది. నవ్వించి, అదే గొంతుతో, "అందరూ ఒక్క పక్కకే రాకండమ్మా, లాంచీ వాలిపోతుంది" అని కసిరేది. ఆ మాట ఆమె ఇన్నేళ్ళలో ఎన్ని లక్షల సార్లు అని ఉంటుందో ఎవరూ లెక్కపెట్టలేదు.

అలాంటి అక్కకి ఈతతో పని పడింది. లాంచీ మీద పనిచేసే ప్రతి ఒక్కరూ రెండు నెలల్లోగా ఈత సర్టిఫికెట్ చూపించాలనీ, లేనివాళ్ళని ఒడ్డున టిక్కెట్ల గదిలోకి మార్చేస్తామనీ కంపెనీ నోటీసు పెట్టింది. టిక్కెట్ల గది అంటే బారెడు వెడల్పు, ఒక అద్దం, ఆ అద్దానికి చెయ్యి పట్టేంత కన్నం. నోటీసు చదివిన మధ్యాహ్నమే అక్క పూల్ దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్, నాకు ఈత నేర్పు."

"ముప్ఫై ఏళ్ళుగా రమ్మంటుంటే రాలేదు. ఇప్పుడేం ముంచుకొచ్చింది?"

"ఆ గూట్లో కూర్చోబెడితే నాకు ఊపిరాడదురా. పొద్దున లేస్తే మొహానికి గాలి తగలాలి. సర్టిఫికెట్ కావాలి నాకు. అలాగని ఉత్త కాగితం కాదు, నిజంగా రావాలి. ఈత సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని మునిగిపోయిందంటే నలుగురిలో నవ్వులపాలవుతాం."

"రెండూ వస్తాయిలే," అన్నారు మాస్టారు. అప్పటికింకా ఆ రెండూ ఒకటేనని ఆయన నమ్మకం.

ఆ బ్యాచ్ మొదలైన రోజునే అభ్యసన అనుభవ రూపకల్పనాధికారి దిగాడు. ముప్ఫై ఏళ్ళు నిండినట్టు లేవు. మర్యాదస్తుడు, చెప్పులు గేటు బయటే విడిచి వచ్చాడు. చేతిలో రంగురంగుల స్టిక్కర్ల కట్ట ఉంది. మాస్టారు మెడలోని విజిల్ అధికార సూచకమని చెప్పి, దాన్ని సగౌరవంగా తీయించి ఒక కవర్లో పెట్టి సీలు వేశాడు. ఆ తర్వాత పెన్ను తీశాడు.

"ఈ కోర్సు లక్ష్యం ఏంటండీ మాస్టారూ?"

"ఈత రావడం."

"అది కొలవలేమండి."

"అవతలి గట్టు దాకా వెళ్తే వచ్చినట్టు. మధ్యలో ఆగితే రానట్టు."

అధికారి జాలిగా చూశాడు. "అది మీ వైపు నుంచి. నేర్చుకునేవాళ్ళ వైపు నుంచి చెప్పండి."

"వాళ్ళ వైపు నుంచి కూడా గట్టు అక్కడే ఉంటుంది సార్."

ఈ జవాబు పాతకాలపు దృక్పథం అనే శీర్షిక కింద నమోదైంది. లక్ష్యం మాత్రం ఆ సాయంత్రానికే తయారైంది. కోర్సు ముగిసేసరికి అభ్యాసకులు ఈతతో తమకున్న అనుబంధాన్ని తమ సొంత మాటల్లో వివరించగలుగుతారు. మాస్టారిని ఇకమీదట మాస్టారు అనరాదనీ, సౌలభ్యకర్త అనాలనీ కూడా అందులోనే ఉంది. సౌలభ్యకర్త చేసి చూపించకూడదు. అభ్యాసకులు తమంతట తామే కనుక్కోవాలి. (ఊపిరి ఎప్పుడు పీల్చాలో ఒకాయన తనంతట తానే కనుక్కోబోయి, రెండు రోజులు సెలవు పెట్టాడు.)

తరువాత అరచేతి సంగతి వచ్చింది. చెప్పకుండా చెయ్యి తీసెయ్యడం అభ్యాసకుల విశ్వాసాన్ని వమ్ము చెయ్యడమేనని అధికారి నొచ్చుకున్నాడు. అందుకని ఆధార హస్త ఉపసంహరణ పత్రం అని ఒకటి తయారుచేశాడు. చెయ్యి తీయబోయే తేదీ, సమయం అందులో రాసి, నలభై ఎనిమిది గంటల ముందు అభ్యాసకులకి ఇచ్చి, రెండు ప్రతుల మీద సంతకం తీసుకోవాలి. గురువారం ఉదయం ఏడున్నరకి చెయ్యి తీసేస్తారని తెలుసుకున్న అభ్యాసకులు గురువారం ఎవరూ రాలేదు. శుక్రవారం అందరూ వచ్చి, ఒంట్లో బాగోలేదని చెప్పారు.

వరసలుగా నిలబెట్టడం కూడా పనికిరాదన్నారు. గుండ్రంగా కూర్చోవాలి. కుర్చీలు గట్టిగా ఉన్నాయని రెండో రోజే ఫిర్యాదు వచ్చింది కాబట్టి, మెత్తటి ఆసనాల కోసం వెతికి, లాంచీ కంపెనీ నుంచి పన్నెండు ఎర్ర రబ్బరు చక్రాలు ఎరువు తెచ్చారు.

"సార్, ఇవి మా లాంచీవి," అంది అక్క. "నీళ్ళలో పడ్డవాళ్ళకి విసరడానికి పెట్టుకున్నవి."

"ఇప్పుడెవరూ పడట్లేదు కదమ్మా," అన్నాడు అధికారి. నిజంగానే అప్పుడెవరూ పడట్లేదు.

ఇక అభ్యాసకులందరిలోకీ చురుకైనవాడు లాంచీ కంపెనీ గుమాస్తా. అతను నీళ్ళ దగ్గర నిలబడి స్టిక్కర్ల మీద తన భావాలు రాయడంలో ఎవరికీ అందేవాడు కాదు. ఒక వారంలో నలభై ఒక్క స్టిక్కర్లు అంటించాడు. అందులో ముప్ఫై పసుపువి. అధికారి మురిసిపోయి, అందరి ముందూ అతన్ని "మన చేప" అన్నాడు. ఆ పేరు నిలిచిపోయింది.

వారం చివర అభిప్రాయ పత్రాలు పంచారు. పద్నాలుగు ప్రశ్నలు. ఏడోది ఇలా ఉంది: శిక్షణలో మీకు అన్నిటికన్నా ఎక్కువ అసౌకర్యం కలిగించిన అంశం ఏది? ఇరవై ఇద్దరు అభ్యాసకులూ విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, ఒకే సమాధానం రాశారు. నీళ్ళు.

సంఘం చరిత్రలో ఇంత ఏకగ్రీవం ఎన్నడూ రాలేదు. (బిస్కెట్ల విషయంలో కూడా రాలేదు.) నేర్చుకునేవారే కేంద్రమైనప్పుడు, ఆ కేంద్రమంతా ఒక్క గొంతుతో వద్దంటున్నదాన్ని అక్కడే ఉంచడం న్యాయం కాదని అధికారి నివేదిక రాశాడు. మాస్టారు ఆ ఇరవై రెండు కాగితాలూ ఒక్కొక్కటే తిరగేశారు. పదహారోది చూసి ఆగారు. ఆ దస్తూరి ఆయనకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"నువ్వు కూడానా అక్కా?"

"అడిగారు, రాశాను. ముక్కులోకి పోతే మంట పుట్టదా? అబద్ధం రాయమంటావా?"

"ఈత అన్నాక నీళ్ళుంటాయి కదే."

"ఉంటాయని నాకు తెలీదట్రా? అసౌకర్యం ఏంటని అడిగారు. తీసేస్తామని చెప్పి అడిగితే వేరేలా రాసేదాన్ని."

అధికారి తొందరపాటు మనిషి కాడు. నీళ్ళని ఒక్కసారే తీసెయ్యలేదు. రెండో వారం నడుం దాకా, మూడో వారం మోకాళ్ళ దాకా, నాలుగో వారం చీలమండల దాకా తగ్గించుకుంటూ వచ్చాడు. తగ్గించిన ప్రతిసారీ అభిప్రాయ పత్రాలు నింపించాడు. తృప్తి సూచిక రెండు దగ్గర మొదలై మూడు, నాలుగు దాటి, నేల కేవలం తడిగా ఉన్న రోజున నాలుగున్నరకి చేరింది. ఐదో వారం సోమవారం పూల్ పూర్తిగా ఎండింది. ఆ వారం సూచిక నాలుగు పాయింటు తొమ్మిది. మిగిలిన ఆ పాయింటు ఒకటి ఎవరిదని ఆరా తీస్తే, పాత తడికి ఒక పలక మీద నాచు పట్టి జారుతోందని తెలిసింది. దాన్ని గీకించేశారు.

తువ్వాలు బోర్డు కూడా ఆ వారమే దించేశారు. నిబంధన అభ్యాసకుల మీద భారం మోపుతోందన్నారు, దానికి మాత్రం మాస్టారు కూడా కాదనలేకపోయారు.

ఎండిన పూల్ అడుగున నీలం పలకల మీద చాపలు పరిచి, అందరూ బోర్లా పడుకుని, నీళ్ళను ఊహించుకునేవారు. ఎవరి వేగం వారిది. చేప మొదటి రోజే అవతలి గట్టు ముట్టుకున్నాడు. మూడో రోజుకి రెండు నదులు దాటినట్టు స్టిక్కర్ మీద రాశాడు. మాస్టారు మెట్ల మీద కూర్చుని, ఖాళీ పూల్‌లో చప్పట్లు ప్రతిధ్వనిస్తుంటే వినేవారు. ఆయనకి కోపం రాలేదు కానీ చాలా దిగులేసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకునేవారు.

ఆ సోమవారం సాయంత్రం ఆయన అక్క ఇంటికి వెళ్ళి, "రేపు పొద్దున్నే రేవు దగ్గరికి రా, మొదటి లాంచీ కంటే గంట ముందు," అన్నారు.

"ఫారం తెస్తావా?"

"తువ్వాలు తెచ్చుకో."

రేవు పక్కన, ఇసుక మేట వేసిన చోట, నీళ్ళు ఛాతీ దాకానే ఉంటాయి. అక్కడ అక్క మూడు వారాల పాటు తమ్ముణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. నీళ్ళు మింగింది, ఉమ్మింది, ఇక నా వల్ల కాదని గట్టెక్కి కూర్చుంది, మళ్ళీ తనే దిగింది. ఆయన పొట్ట కింద అరచెయ్యి పెట్టి, "నేనున్నాను, కాళ్ళు కొట్టు" అనేవారు. పంతొమ్మిదో రోజున ఆ అరచేతికి తెలియాల్సింది తెలిసింది. అక్క మేటకి ఆ చివరున్న గుంజని పట్టుకుని, మొహం మీది నీళ్ళు తుడుచుకుని, వెనక్కి చూసింది. తమ్ముడు ఎక్కడో దూరంగా, నిలబడ్డచోటే నిలబడి ఉన్నాడు.

"చెయ్యి ఎప్పుడో తీసేశాను," అన్నారు మాస్టారు. నాలుగు వేల సార్లు చెప్పిన మాటే అయినా ఈసారి రెండుసార్లు చెప్పారు.

అక్క చెవుల్లో నీళ్ళు దులుపుకుంది. తర్వాత, "నలభై ఎనిమిది గంటల ముందు చెప్పాలిగా," అంది. ఇద్దరూ మొదటి లాంచీ వచ్చేదాకా నవ్వుకుంటూ కూర్చున్నారు.

పరీక్ష ఆ శనివారమే. నేర్చుకున్నది ఎంతో నేర్చుకున్నవారికే తెలుస్తుంది కాబట్టి, పరీక్ష కూడా నేర్చుకున్నవారే పెట్టుకోవాలి. ఒకే కాగితం, ఒకే ప్రశ్న. నీళ్ళలో మీకు మీ మీద ఎంత నమ్మకం ఉంది? ఐదుకి వెయ్యండి. మూడు వస్తే సర్టిఫికెట్. కాగితం అక్క చేతిలోకి వెళ్ళగానే మాస్టారు పక్కన చేరి, "ఐదు వెయ్యి," అన్నారు.

"ఐదెలా వేస్తానురా? లోతు చూస్తే ఇంకా గుండె జారుతోంది."

"అందరూ ఐదే వేస్తున్నారు."

"వాళ్ళు లోతు చూడలేదు."

"పోనీ మూడు వెయ్యి. లాంచీ పోతుందక్కా. ఆ గూట్లో కూర్చోబెడతారు. నా మాట విను."

అక్క పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. లాంచీ ముందు భాగాన నిలబడితే మొహానికి కొట్టే గాలి ఆమెకి గుర్తొచ్చే ఉంటుంది. "ఎంత వచ్చో నాకు తెలుసు," అని, రెండు వేసి, మడత పెట్టి ఇచ్చేసింది.

ఇరవై ఒక్క మంది ఉత్తీర్ణులయ్యారు. చేప ఐదుకి ఆరు వేసుకున్నాడు. (ఆ ఆరుని ప్రత్యేక ప్రతిభగా గుర్తించారు.)

సర్టిఫికెట్ల ప్రదానం, సందర్భోచితంగా ఉంటుందని, లాంచీ మీదే పెట్టారు. అక్క గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. అయినా డ్యూటీలో ఉంది కాబట్టి, మాస్టారితో సహా అందరికీ టిక్కెట్లు కొట్టింది. లాంచీ నది మధ్యకి వచ్చాక ఫోటో అన్నారు. వెనకాల నీళ్ళు పడాలని ఇరవై ఒక్క మందీ కుడి కమ్మీ దగ్గరికి చేరారు. అధికారి తనే ఫోన్ పట్టుకుని, ఎడమ అంచున నిలబడి, చివరివాళ్ళు ఫ్రేములోకి రావడం లేదని కమ్మీ లేని గేటు దాకా వెనక్కి జరిగాడు.

"అందరూ ఒక్క పక్కకే రాకండమ్మా, లాంచీ వాలిపోతుంది," అంది అక్క.

"ఒక్క నిమిషం, నేర్చుకునేవారే కేంద్రం," అన్నాడు అధికారి నవ్వుతూ. కేంద్రం కంగారుపడి కుడి నుంచి ఎడమకి ఒక్కసారే పరుగెత్తింది. లాంచీ ఇటు ఊగింది. అధికారి ఫోటో తీయకుండానే నీళ్ళలో పడ్డాడు.

లాంచీ నడిపే సరంగు ఇంజను ఆపి, చక్రం విసరమని అరిచాడు. చక్రాలు తగిలించే పన్నెండు కొక్కేలూ ఖాళీగా ఉన్నాయి. చక్రాలు ఎండిన పూల్ అడుగున గుండ్రంగా పేర్చి ఉన్నాయి. సర్టిఫికెట్లు పట్టుకున్న ఇరవై ఒక్క మందీ వంగి చూశారు. "మీ వేగంతో మీరు కొట్టండి సార్," అని చేప ధైర్యం చెప్పాడు. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు.

మాస్టారు చొక్కా విప్పబోయారు. ఒక చెయ్యి బయటికి వచ్చింది, రెండోది ఇరుక్కుంది. ఆయన అలా పెనుగులాడుతుండగానే అక్క లాంచీని రేవుకి కట్టే తాడు ఒక కొస తన నడుముకి చుట్టుకుని, రెండో కొస తమ్ముడి చేతిలో పెట్టి, "పట్టుకో," అంది. అని, దూకేసింది.

అక్కడ లోతు మూడు నిలువులు ఉంటుంది. మాస్టారు తాడు వదులు చేశారు. తల పైకి వచ్చింది, చేతులు వచ్చాయి, కాళ్ళు ఆయన నేర్పినట్టే, ఒకటి కాస్త వంకరగా, కొడుతున్నాయి. చేతిలో తాడు జారుతూ వెళ్ళిపోతోంది. దాని మీద అక్క బరువు ఏ మాత్రం పడటం లేదని ఆయన అరచేతికి తెలిసింది. పద్నాలుగు బారలకి ఆమె అధికారి కాలరు అందుకుంది. అప్పుడు లాగారు మాస్టారూ, సరంగూ, ఇద్దరూ కలిసి.

పైకి తెచ్చాక అధికారి తుడుచుకోవడానికి ఏమైనా ఉందా అని అడిగాడు. ఇరవై ఒక్క మందిలో ఒక్కరి దగ్గరా తువ్వాలు లేదు. అక్క తన సంచిలోంచి తనది తీసి ఇచ్చింది. ఆమె జుట్టు పిండుకుంటుంటే తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇప్పుడైనా ఐదు వేస్తావా?"

"రెండున్నర," అంది అక్క.

ప్రమాదం జరిగినచోట కూడా అభిప్రాయ పత్రం నింపాలి కాబట్టి, అధికారి వణుకుతూనే నింపాడు. ఏడో ప్రశ్న దగ్గర అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దీంతో ఆ సమాధానం ఇచ్చినవారి సంఖ్య ఇరవై మూడుకి ఇరవై మూడైంది. నది లోతుని దశలవారీగా తగ్గించడంలో ఉన్న సాధ్యాసాధ్యాల గురించి సంఘం సంబంధిత శాఖకి లేఖ రాసింది. జవాబు రావలసి ఉంది.

అక్కకి కూడా ఒక లేఖ వచ్చింది. ఈత సర్టిఫికెట్ లేకుండా, డ్యూటీ సమయంలో, నది మధ్యలో ఈదినందుకు సంజాయిషీ అడిగారు. ఆమె "మనిషి మునిగిపోతున్నాడు" అని ఒక్క వాక్యం రాసి ఇచ్చింది. అది ఇచ్చిన చోటులో సగం కూడా నిండలేదని వెనక్కి పంపారు. ప్రస్తుతం ఆమె ఒడ్డున, అద్దం వెనక, కన్నంలోంచి టిక్కెట్లు ఇస్తోంది. లాంచీ మీద ఆమె స్థానంలో చేప ఉన్నాడు. పన్నెండు కొక్కేలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

నిన్న ఆమెకి ఇంకో కాగితం అందింది. ఉత్తీర్ణులు కానివారి మీద సంఘానికి ఏ ద్వేషమూ లేదు. వారికి మరో అవకాశం ఇస్తున్నారు. తరగతులు సోమవారం ఉదయం పది గంటలకి మొదలవుతాయి. తువ్వాలు తెచ్చుకోనవసరం లేదు.